గేటు దగ్గర అమ్మమ్మలు

మా వూళ్ళో పాలు పోసే మనిషికి గడియారంతో పని లేదు. కోవెల్లో సుప్రభాతం వినిపించేసరికి ఆమె మా అరుగు మీద వుంటుంది. ఏళ్ళ తరబడి ఇదే వరస. అటువంటిది 2021 జనవరి మొదటి వారంలో ఒక రోజు పొద్దు బారెడెక్కినా ఆమె జాడ లేదు. కాఫీ పడని కొంపలో మొగవారి ముఖాలు ఎలా వుంటాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. మావారు వీధిలోకీ పెరట్లోకీ ఏడెనిమిదిసార్లు తిరిగేరు. ఎనిమిదిన్నరకి కాబోలు, ఆమె వచ్చి బిందె దించి అరుగు మీద చతికిలబడింది.

"ఏటి సెయ్యమంటారమ్మా! దారి కాడ ఆపీసినారు. ఎవులు నువ్వు, ఏ ఊరు, ఎక్కడికెల్తన్నావు, బిందెలో ఏటున్నాది అని ఒకటే అడగడం. పాల బిందెలో పాలు కాక ఏటుంటాదమ్మా?"

మాది రామతీర్థం. విజయనగరానికి పన్నెండు కిలోమీటర్ల చిల్లర, నెల్లిమర్ల దాటి రావాలి. ఆ రోజులు మీకు జ్ఞాపకం వుండే వుంటాయి. 2020 డిసెంబరు ఆఖరులో మా నీలాచలం కొండ మీది కోదండరాముడి విగ్రహానికి ఎవరో శిరస్సు ఖండించేరు. ఆ తర్వాత వారం పది రోజులపాటు మా వూరి పేరు దేశమంతా మోగిపోయింది. ఈ పార్టీవారు వస్తామంటారు, ఆ పార్టీవారు వస్తామంటారు. ఒకరు వస్తే రెండోవారు వూరుకోరు. పోలీసువారు దారులకు అడ్డంగా ఇనప కంచెలు పెట్టేరు. ఆ తగువుల్లోకి నేను పోను. గొడవ జరగకుండా చూడడం వారి వుద్యోగం, కాదనడానికి లేదు. నేను చెప్పబోయేది అంతకన్న చాలా చిన్న సంగతి.

మర్నాడో, ఆ మర్నాడో, మా వీధి చివర కంచె దగ్గర ఆకుకూరల ముసలమ్మని ఆపేరు. ఆమె పక్క పల్లెనుంచి తోటకూరా, బచ్చలీ గంపలో పెట్టుకుని వస్తుంది. ఆధారు కార్డు చూపించమన్నారు. కొంగున రూపాయి మూట తప్ప ఆమె దగ్గర ఇంకే కాగితమూ వుండదు. బందోబస్తుకి ఏ వూరినుంచో వచ్చిన కుర్రవాడు పాపం, ఆమె ఎవరో అతనికేం తెలుసు? "పక్కన కూచో" అన్నాడు. కూచుంది. తొమ్మిదయింది, పదయింది, పదకొండు కావస్తోంది. గంపలో కూర తలలు వేలవేసింది. నేను మా వీధిగది కిటికీలోంచి ఇదంతా చూస్తూనే వున్నాను. ఆమె నా వంక ఒక్కసారి చూసింది. పదేళ్ళుగా నాకు కూర అమ్ముతున్న మనిషి. "ఈమె మాకు తెలుసు బాబూ" అని నేను అక్కడిదాకా వెళ్ళి ఒక్క మాట అంటే సరిపోయేది.

నేను కిటికీ తలుపు వేసేను.

ఎందుకు వేసేనని అడిగితే నాకు జవాబు లేదు. పోలీసుల జోలి మనకెందుకు అనుకున్నానేమో. ఆ సాయంత్రం మావారితో కూడా చెప్పలేదు. ఈ శీర్షికలో పచ్చళ్ళ గురించీ, పిల్లల చదువుల గురించీ, చూసివచ్చిన వూళ్ళ గురించీ మీతో ఎన్నో చెప్పుకున్నాను గాని, ఇది చెప్పుకోవడానికి మనసు రాలేదు. ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, ఆ తర్వాత కొన్నాళ్ళకి పై దేశంలో చదువుకుంటున్న మా మేనకోడలు సెలవలకి వచ్చి, మాటల్లో ఒక కథ చెప్పింది. కథ కాదు, జరిగినదే. నాలాంటి వయసు ఆడవాళ్ళు, కిటికీ తలుపు వేసుకోకుండా వీధిలోకి వెళ్ళినవాళ్ళు.

ఇజ్రాయెల్ దేశం పేరు పేపర్లో చూడని రోజు వుండదు. 1967 యుద్ధంలో ఆ దేశం జోర్డాన్ నదికి పడమటి ఒడ్డున వున్న ప్రాంతాన్ని పట్టుకుంది. అక్కడ వున్నవారు పాలస్తీనా అరబ్బులు. అప్పటినుంచీ అక్కడ సైన్యం పాలన. 2000 సెప్టెంబరు ఆఖరులో పెద్ద తిరుగుబాటు లేచింది. ఇజ్రాయెల్ వూళ్ళలో బస్సుల్లోనూ హోటళ్ళలోనూ మనుషులే బాంబులు కట్టుకుని పేల్చుకున్నారు. దానికి విరుగుడని సైన్యం దారుల మీద తనిఖీ గేట్లు పెంచింది. ఈ గేటుని వాళ్ళ హీబ్రూ భాషలో 'మఖ్‌సోం' అంటారు. అడ్డు అని అర్థం.

ఇక్కడ మనం ఒకటి తెలుసుకోవాలి. గేటు అనగానే రెండు దేశాల సరిహద్దు దగ్గర వుండేది అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. కాదట. వాటిలో చాలా భాగం సరిహద్దుల్లో లేవు. వూరికీ వూరికీ మధ్యన వున్నాయి. రామల్లా అనే వూరినుంచి జెరూసలేముకి దూరం పదిహేను కిలోమీటర్ల లోపే. మధ్యలో ఖలందియా గేటు. మనకి తెలిసేటట్టు చెప్పుకోవాలంటే, రామతీర్థంనుంచి విజయనగరం వెళ్ళేవాడికి నెల్లిమర్లలో తుపాకులు పట్టుకున్న సైనికులు అడ్డం నిలబడ్డారనుకోండి. కాలేజీకి వెళ్ళే పిల్ల, ఆస్పత్రికి వెళ్ళే ముసలాయన, మేనమామ పెళ్ళికి పట్టుచీరతో బయల్దేరిన ఇల్లాలు, మా పాలావిడ, అందరూ రోజూ, రాకకీ పోకకీ అక్కడ వరసలో నిలబడాలి. చేతిలో అనుమతి కాగితం వుండాలి. కాగితం వున్నా వదులుతారన్న నమ్మకం లేదు. పెద్దవీ చిన్నవీ, మట్టిదిబ్బలూ రాళ్ళ అడ్డులూ కలుపుకుని ఇటువంటి ఆటంకాలు 500 దాటేయని ఐక్యరాజ్యసమితివారు 2006 తర్వాతి సంవత్సరాల్లో లెక్క తేల్చేరు.

2001 మొదట్లో జెరూసలేములో ముగ్గురు ఆడవాళ్ళు, రోనీ యేగర్, యెహుదిత్ కేషెత్, ఆది కుంట్స్‌మన్ అనేవారు, బెత్లెహేము దారిలో గేటు దగ్గర అరబ్బులని సైనికులు చాలా ఇబ్బంది పెడుతున్నారని విని, వెళ్ళి చూసి వద్దామనుకున్నారు. వీరు యూదులే, ఆ దేశపు ఆడబడుచులే. కేషెత్‌గారు మడీ ఆచారమూ పాటించే మనిషి. వెళ్ళేరు, చూసేరు. చూసిన తర్వాత ఇంటికి పోయి వూరుకోలేకపోయేరు. మళ్ళీ వెళ్ళేరు. స్నేహితురాళ్ళని తీసుకువెళ్ళేరు. అలా పుట్టిన సంఘానికి 'మఖ్‌సోం వాచ్' అని పేరు. గేటుకాపలా అనుకోండి, గేటుకే కాపలా! నాలుగైదేళ్ళు తిరిగేసరికి వారి సంఖ్య 400 దాటింది. సంఘంలో అందరూ ఆడవాళ్ళే. అందులోనూ ఎక్కువమంది పిల్లల పెళ్ళిళ్ళు చేసి, వుద్యోగాల్లోంచి దిగిపోయి, మనవల్ని ఎత్తుకునే వయసు వాళ్ళు.

వాళ్ళు చేసిన పని వింటే మీకు నవ్వు రావచ్చు. పొద్దున్న ఒక జట్టు, మధ్యాహ్నం ఒక జట్టు. ఇద్దరో ముగ్గురో కలిసి కారు వేసుకుని గేటు దగ్గరకి వెళతారు. తామెవరో తెలిసేటట్టు జాకెట్టుకో చొక్కాకో ఒక బిళ్ళ. చేతిలో చిన్న పుస్తకం, కలం. అక్కడ నిలబడతారు. చూస్తారు. రాస్తారు. ఇంటికి వచ్చి, రాసినది సాపు చేసి, అందరూ చదివేటట్టు ప్రకటిస్తారు. అంతే. నినాదాలు లేవు, జెండాలు లేవు.

ఏం రాసేవారయ్యా అంటే, అదీ పెద్ద విశేషమేమీ కాదు. ఏడు గంటలకి వెళ్ళేం. వరసలో ఇంతమంది. తనిఖీ చేసే వరసలు రెండు వుండగా ఒకటే తెరిచేరు. ఒకాయన కాగితాలు తీసుకుని పక్కన కూచోబెట్టేరు. ఎందుకని అడిగితే సైనికుడు చెప్పలేదు. ఈ రోజు పదహారేళ్ళనుంచి ముప్ఫయ్యయిదేళ్ళ లోపు మొగవాళ్ళని పోనివ్వడం లేదు. అంబులెన్సు వచ్చింది, ఇంత సేపు ఆగింది. ఇలా వుంటాయి. ఒకటి చదివితే ఏమీ లేదనిపిస్తుంది. పది చదివితే విసుగొస్తుంది. నిన్న చెల్లిన కాగితం ఇవాళ చెల్లదు, ఇవాళ చెల్లనిది రేపు చెల్లుతుంది. నియమం ఫలానా అని ఎవరికీ తెలియదు, చెప్పే దిక్కు లేదు. ఒక్కరోజు చూసి వచ్చినవారికి ఈ సంగతి పట్టుబడదు. వంటింట్లో పద్దు రాసే మనకి తెలుసు కదండీ, ఒక రోజు పద్దులో ఏమీ కనబడదు. ఏడాది పద్దు చూస్తే ఇంటి గుట్టంతా బయటపడుతుంది.

వాళ్ళలో చాలామందికి ఈ గేట్లు కొత్త కాదు, అది గమనించండి. ఆ దేశంలో చదువు అయిన కుర్రాళ్ళూ ఆడపిల్లలూ కూడా కొన్నేళ్ళు సైన్యంలో చేరాలి. కాబట్టి గేటు దగ్గర తుపాకీ పట్టుకుని నిలబడ్డ పద్ధెనిమిదేళ్ళ కుర్రవాడు వీళ్ళ మనవడికి స్నేహితుడై వుండవచ్చు. వీళ్ళ కొడుకే వెనకటికి అక్కడ నిలబడి వుండవచ్చు. అందుకే వాళ్ళని చూసి సైనికులకి ఏం చెయ్యాలో తోచేది కాదు. అమ్మమ్మ వయసావిడ ఎదురుగా నిలబడి పుస్తకంలో ఏదో రాసుకుంటోంది; విసుక్కుందామంటే నోరు రాదు, మంచినీళ్ళిద్దామంటే పైవాడు తిడతాడు. కొందరు తల వంచుకుని మర్యాదగా మసిలేవారు. కొందరు "మీకు సిగ్గు లేదా, మేం మీ ప్రాణాలే కాపాడుతున్నాం" అనేవారు. దారిన పోయే తమ దేశస్థులు కార్లు ఆపి 'దేశద్రోహులు' అని తిట్టిపోయేవారు. తమ వీధిలో తమవారి చేతనే ఆ మాట అనిపించుకుని, మర్నాడు మళ్ళీ పుస్తకం పుచ్చుకుని బయల్దేరడం సామాన్యం కాదు. పరాయివారు తిట్టిన తిట్టు ఇంటికి వచ్చేలోపల మరిచిపోతాం. పక్కింటావిడ మూతి తిప్పుకుంటే పది రోజులు నిద్ర పట్టదు.

సైనికుల భయంలో నిజం లేదని నేననను. నాబ్లుస్ పట్నం బయట హువారా గేటు దగ్గర 2004 మార్చిలో ఒక పదహారేళ్ళ కుర్రవాడు నడుముకి బాంబులు కట్టుకుని వస్తూ పట్టుబడ్డాడు. నేను ఆ సైనికుడి తల్లినైతే, నా కొడుకు ఎవరినీ తనిఖీ చెయ్యకుండా వదలకూడదనే దేవుణ్ణి మొక్కుకుంటాను. గేటు ఒక్కదాన్నే చూస్తూ కూచుంటే ఈ చిక్కు విడదు. ఆ బాంబు కుర్రవాడి కోసం పెట్టిన వల రోజూ పట్టేది ఎవర్నీ అంటే మేస్త్రీలనీ, పంతులమ్మలనీ, నొప్పులు పడుతున్న ఆడవాళ్ళనీ. 2000 తర్వాతి కొన్నేళ్ళలో ఈ గేట్ల దగ్గరే పురుళ్ళు వచ్చిన తల్లులు అరవైమంది పైచిలుకని ఐక్యరాజ్యసమితి నివేదికలు చెప్పేయి. అలా పుట్టిన బిడ్డలందరూ దక్కలేదు.

ఇహ ఆ ఫిడేలు సంగతి. 2004 నవంబరులో నాబ్లుసుకి పడమట బేత్ ఇబా అనే గేటు దగ్గర ఒక అరబ్బు యువకుడు ఫిడేలు పెట్టె పట్టుకుని వచ్చేడు. సైనికులు పెట్టె తెరిపించేరు. అతను ఫిడేలు తీసి వాళ్ళ ఎదట వాయించేడు. వెనకాల వరసలో జనం నిలబడి చూస్తున్నారు. ఆ పూట అక్కడ వున్న సంఘం మనిషి, చిత్రకళలో పని చేసే హోరిత్ హెర్మన్ పెలెద్ అనే ఆవిడ, దానిని కెమెరాలో పట్టుకుంది. ఆ బొమ్మ పత్రికల్లో పడేసరికి ఇజ్రాయెల్ దేశం వులిక్కిపడింది. ఎందుకో తెలుసునా? నాజీల నిర్బంధ శిబిరాల్లో యూదు వాద్యగాళ్ళ చేత కాపలావాళ్ళు సంగీతం వాయింపించుకున్న రోజులు ఆ దేశంలో ప్రతి ఇంటికీ జ్ఞాపకం. వాయించమని తనని అడిగేరని ఆ యువకుడు చెప్పేడు. తనంతట తనే వాయించేడని సైన్యం విచారణ చేసి చెప్పింది. ఎవరి మాట నిజమో తేల్చడానికి నేను ఎవరిని? ఆ గేట్ల దగ్గర అంతకన్న ఘోరాలు ఎన్నో జరిగేయి. ఒక్కదానికీ దేశం అంత కదలలేదు. మనుషులు ఇంతే కాబోలు. తమ తాతల గాయాన్ని తాకితే తప్ప పక్కవాడి గాయం కనబడదు.

చూడడమూ రాయడమూ తప్ప ఇంకేమీ చెయ్యలేదా అంటే, చేసేరు. ఎవరినైనా గంటలకొద్దీ కూచోబెట్టి వుంచితే సైన్యంలోనే ఇటువంటి ఫిర్యాదులు వినే విభాగానికి అక్కడినుంచే టెలిఫోను చేసేవారు. ఒక్కొక్కప్పుడు పని జరిగేది, ఒక్కొక్కప్పుడు జరిగేది కాదు. 'భద్రతా కారణాల వల్ల నిషేధం' అని ఏ వివరమూ చెప్పకుండా అనుమతి నిరాకరించిన కూలీలకి అర్జీలు రాసిపెట్టే జట్టు ఒకటి వుండేది. ఏ కాగితం ఏ ఆఫీసులో ఇవ్వాలో తెలియక, తెలిసినా తన భాష కాక, పని పోగొట్టుకున్నవారు అలా కొందరు మళ్ళీ పనిలోకి వెళ్ళగలిగేరు.

కాని వాళ్ళకి వాళ్ళలోనే పెద్ద తగువు వచ్చింది. నాకు అన్నిటికన్న నచ్చింది ఈ తగువే, ఎందుకంటే ఇందులో దొంగతనం లేదు. మేం అక్కడ నిలబడి, ముసలాయన్ని ముందుకి పంపించి, చంటిపిల్ల తల్లికి నీడ చూపించి, గేటుని కాస్త మెత్తబరుస్తున్నామా? మెత్తబడ్డ గేటు ఇంకా ఎక్కువ కాలం నిలబడిపోదా? "చూశారా, మా గేటు దగ్గర మా ఆడవాళ్ళే పర్యవేక్షిస్తున్నారు" అని సైన్యం లోకానికి చెప్పుకోదా? కొందరు ఇలా వాదించేరు. మరి కొందరు, సిద్ధాంతం తర్వాత చూసుకుందాం, ఇప్పుడు ఆ ఎండలో నిలబడ్డ తల్లి మాటేమిటి అన్నారు. మొదలుపెట్టిన ముగ్గురిలో ఒకరైన కేషెత్‌గారు 2006లో వేసిన పుస్తకంలో ఈ సంగతులన్నీ దాచకుండా రాసేరు. ఆ తగువు తేలలేదు. తేలేది కూడా కాదేమో. రెండు పక్షాలవారూ మర్నాడు పొద్దున్నే మళ్ళీ గేటు దగ్గరకి వెళ్ళేరు.

గేటు మాత్రం మారింది. 2005, 2006 ప్రాంతాల ఖలందియాలో పెద్ద కట్టడం కట్టేరు. 'మనందరి ఆశ' అని పువ్వు బొమ్మ వేసి బోర్డు కూడా పెట్టేరు! లోపల ఇనప చువ్వల తిరుగుడు గేట్లు. మామూలుగా ఆ దేశంలో వాటి చేతుల పొడుగు 75 నుంచి 90 సెంటీమీటర్లు. ఈ గేట్లకి 55 చేయించేరు. మూట పట్టుకున్నవాడు, బిడ్డనెత్తుకున్న తల్లి, కాస్త వొళ్ళున్న మనిషి మధ్యలో ఇరుక్కుపోయేవారు. ఈ కొలతలు ఎలా బయటికి వచ్చేయనుకున్నారు? సంఘంలోని ఒక ఆవిడ వాకబు చేసి తెలుసుకుంది. సైనికులు అద్దాల వెనక్కి వెళ్ళిపోయేరు. మనిషి ముఖం కనబడదు, లౌడుస్పీకరులోంచి మాట వస్తుంది. కాపలా అమ్మమ్మలకి చూడ్డానికి ఏమీ మిగలకుండా పోయింది. సిగ్గుపడడానికి ఎదురుగా కుర్రవాడు లేడు. 2019 నాటికి ముఖాన్ని గుర్తుపట్టే యంత్రాలు వచ్చేయి. వరసలు తగ్గేయి, అది మంచిదే. కాని వద్దన్నది ఎవరో ఇప్పుడు ఎవరిని అడగాలి? యంత్రం ఎర్రదీపం వెలిగిస్తుంది, అంతే. 2023 అక్టోబరులో జరిగిన హత్యాకాండా, ఆ వెనక వచ్చిన యుద్ధమూ మీకు తెలిసినవే. ఆ నెలలోనే కూలీల అనుమతులు లక్షకి పైగా ఒక్క దెబ్బన రద్దయిపోయేయి. తెల్లవారుజామున గేటు దగ్గర వరసే లేదు.

ఆ వరసల్ని లెక్కపెట్టినవారు ఇంకొకరున్నారు. ప్రపంచ చర్చిల మండలి 2002లో మొదలుపెట్టిన పథకం కింద రకరకాల దేశాలనుంచి వాలంటీర్లు వచ్చి మూడేసి నెలలు అక్కడ వుండేవారు. బెత్లెహేము గేటు దగ్గర తెల్లవారుజామున నాలుగింటికి వెళ్ళి, చేతిలో లెక్కపెట్టే మర పట్టుకుని, దాటిన ఒక్కొక్క మనిషికీ ఒక్కొక్క నొక్కు నొక్కుతూ నిలబడడం వాళ్ళ పనుల్లో ఒకటి. చలిలో, చీకట్లో. వాళ్ళంటే నాకు గౌరవమే. అయితే వాళ్ళు మూడు నెలలకి ఇంటికి వెళ్ళిపోతారు. అమ్మమ్మల ఇల్లు అక్కడే.

మా మేనకోడలు ఇదంతా చెప్పి, "మన దేశంలో ఇలాంటివారు లేరా అత్తా?" అంది. నేను ఆలోచించేను. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర, మొండెంఖల్లు సభకి వెళుతున్న గిరిజనుల మీద కాల్పులు జరిగి కోరన్న, మంగన్న అనే ఇద్దరు చనిపోయేరు. ఆ తర్వాత రెండు మూడేళ్ళు మా శ్రీకాకుళం, పార్వతీపురం ఏజెన్సీ అంతా పోలీసు క్యాంపులే. 1969లో కల్లోలిత ప్రాంతమని ప్రకటించేరు. చంపినవారూ వున్నారు, చచ్చినవారూ వున్నారు, రెండు పక్కలా. ఆ క్యాంపుల ముందునుంచి చింతపండు గంపతో సంతకి వెళ్ళి, వుప్పూ కిరసనాయిలూ కొనుక్కుని తిరిగివచ్చిన సవర, జాతాపు ఆడవాళ్ళ పద్దు మాత్రం, నాకు తెలిసి, పక్కన నిలబడి రోజూ రాసినవారు లేరు. 1975 జులైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు కుర్రాళ్ళు పోలీసు తుపాకులకి చనిపోతే, జయప్రకాశ్ నారాయణ్ నియమించిన తార్కుండే కమిటీ వచ్చి ఆరా తీసింది. కన్నబిరాన్‌గారి వంటి పెద్దలు అందులో పనిచేసేరు. గొప్ప పనే. కాని అప్పటికి 1977 వచ్చింది. తర్వాత వచ్చి అడగడం వేరు, జరుగుతూండగా పక్కన నిలబడడం వేరు.

అంత దూరం ఎందుకు, సాలూరు దాటి కొండెక్కితే కొఠియా గ్రామాలు. ఇరవై పైచిలుకు వూళ్ళు, ఆంధ్రా మాది అంటుంది, ఒడిశా మాది అంటుంది. 1968నుంచీ సుప్రీంకోర్టులో నలుగుతున్న తగువు. అక్కడివారికి రెండు రేషను కార్డులు, రెండు ఓట్లు, అదృష్టవంతులని నవ్వుకుంటాం. 2021లో ఈ పక్కకి ఓటు వెయ్యడానికి వచ్చేవారిని ఒడిశా పోలీసులు దారిలో ఆపితే, కొందరు కొండదారులు పట్టుకుని నడిచి వచ్చి వేసేరని పేపర్లో చదివేను. ఎన్నికల రోజు కాబట్టి విలేఖర్లు వెళ్ళేరు, రాసేరు. మర్నాడు?

ఈ ప్రశ్న వేసేవేళకి నాకు మా కిటికీ గుర్తుకి వచ్చింది. మేనకోడలికి అప్పుడు చెప్పేను, తోటకూర గంప సంగతి. అది ఏమీ అనలేదు. అననందుకే నాకు కష్టమనిపించింది.

మా వూళ్ళో శివరాత్రి పెద్ద పండగ. రాముడి కోవెల్లో శివరాత్రి ఏమిటంటారా, అది మా వూరి విశేషం. ఎక్కడెక్కడినుంచో జనం వచ్చి జాగారం చేస్తారు. ఆ రెండు మూడు రోజులూ బందోబస్తు తప్పదు, కంచెలూ తప్పవు. కిందటిసారి ఆ ముందురోజు పొద్దున్న నేను వీధిగదిలోంచి పీట తీసుకువెళ్ళి అరుగు మీద వేసుకున్నాను. పాలపద్దు పుస్తకం, పెన్సిలు తీసుకున్నాను. మావారు కళ్ళజోడు సవరించుకుని, "ఏమిటీ వేషం?" అన్నారు. వంకాయలు తరగమని చెప్పి కత్తిపీట ఆయన ముందు పెట్టేను. నవ్వేరు గాని, తరిగేరు. ముచ్చికలు తియ్యడం మరిచిపోయేరనుకోండి.

కంచె దగ్గర వున్న కానిస్టేబులు కుర్రవాడు రెండుసార్లు నా వంక చూసేడు. మూడోసారి దగ్గరకి వచ్చేడు. "ఏం రాస్తున్నారు మామ్మగారూ?"

గొంతు కొంచెం తడబడిన మాట నిజం. "ఇటు వచ్చేవాళ్ళని రాస్తున్నాను బాబూ" అన్నాను. "మంచినీళ్ళు కావాలా?"

అతను ఒక క్షణం ఆలోచించి, కావాలన్నాడు. తాగి, చెంబు అరుగు మీద పెట్టి వెళ్ళిపోయేడు.

ఆ పేజీ ఇప్పుడు నా ఎదట వుంది. పైన పాల లెక్క, సోమవారం లీటరున్నర. దాని కింద నా వంకరటింకర రాతలో: తోటకూర ముసలమ్మ. తొమ్మిదింబావుకి కంచె దగ్గరకి వచ్చింది. కార్డు అడిగేరు. లేదంది. తొమ్మిదీ ఇరవైకి వదిలేరు.